పాత జీపుకు ట్రాలీ కట్టేముందు కాంటా ఎక్కించండి

హనుమకొండలో పాత జీపులు, జిప్సీలు నడిపేవాళ్ళు కలుసుకున్నప్పుడు చేసిన ప్రసంగం, రికార్డింగ్ విని రాసిన పాఠం

అందరికీ నమస్తే. వెనక కూర్చున్నవాళ్ళకు వినిపిస్తుందా? మంచిది, అట్లయితే షురూ చేద్దాం.

పాత జీపు, పాత జిప్సీ, పాత కమాండర్ కొన్నవాళ్ళు ముందుగా అడిగేది, అన్నా దీనికి ఏమేం చేయిద్దాం అని. పెద్ద టైర్లు వేయాలా, పైన క్యారియర్ చేయించాలా, వించ్, అంటే ఇరుక్కున్న బండిని వైరుతో బయటికి లాగే మిషన్, పెట్టాలా, వెనక హుక్ పెట్టించి చిన్న ట్రాలీ కట్టుకుంటే తాడ్వాయి అడవి దాకా, కెరమెరి ఘాట్ దాకా సామానంతా వేసుకుని పిల్లాజెల్లాతో పోవచ్చు కదా అని. అన్నీ మంచి కోరికలే. నేను మాత్రం ముందు ఒక్కటే అడుగుతాను, మీ బండి బరువెంత? ఇంజన్ ఎన్ని సీసీ అంటే టక్కున చెప్తారు, ఏ సంవత్సరం మోడలో చెప్తారు, పాత ఓనర్ ఏ ఊరో కూడా చెప్తారు, బరువు దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతారు. కంపెనీ కాగితం మీద ఉన్న బరువు కాదు నేనడిగేది. ఈ రోజు మీ ఇంటి ముందు నిలబడ్డ బండి, దాని మీద ఇన్నేళ్ళలో ఎక్కించిన ఇనుమంతా కలిపి ఎంత అని.

ఇవాళ నేను చెప్పేదంతా దీని చుట్టే తిరుగుతుంది. టూరింగ్ కోసం చేసే దాదాపు ప్రతి మార్పూ బండి మీద బరువు పెంచుతుంది, ట్రాలీ కడితే ఆ బరువు ఇంకా పెరుగుతుంది, కానీ ఆ బరువును మోసేది, ఆపేది, అది లాగుతున్నప్పుడు ఇంజన్‌ను చల్లగా ఉంచేది మాత్రం ఎప్పుడో ముప్పై నలభై ఏళ్ళ కింద వేరే లెక్కతో తయారైన కమాన్ పట్టీలు, బ్రేకులు, రేడియేటర్. అందుకే పనికి ఒక వరస ఉండాలి. ముందు తూచుకోవాలి. తర్వాత బ్రేకులు, కూలింగ్, లైట్లు. ఇవన్నీ అయ్యాకే కొత్తవి తగిలించడం. చాలామంది దీన్ని తలకిందులు చేస్తారు, ఎందుకంటే బంపర్ అందరికీ కనిపిస్తుంది, బ్రేక్ హోస్ ఎవరికీ కనిపించదు.

కాంటా సంగతి చెప్తాను. మన వరంగల్‌లో కాంటాలకు కొదవ లేదు, ఎనుమాముల మార్కెట్‌కు పత్తి, మిర్చి వచ్చే దారుల్లో, రైస్ మిల్లుల దగ్గర లారీలు తూచేవి ఉంటాయి. సీజన్ రద్దీ లేని టైం చూసుకుని వెళ్ళండి. వెళ్ళేముందు ట్యాంకు నింపండి, టూరుకు తీసుకెళ్ళే సామాను మొత్తం ఎక్కించండి, వచ్చే మనుషులను కూడా కూర్చోబెట్టండి. ఖాళీ బండిని తూచి లాభం లేదు. మూడు చీటీలు తీయించాలి. మొదటిది బండి మొత్తం ప్లాట్‌ఫాం మీద పెట్టి. రెండోది ముందు చక్రాలు మాత్రమే ప్లాట్‌ఫాం మీద, వెనక చక్రాలు బయట సమానంగా ఉన్న నేల మీద. మూడోది వెనక చక్రాలు మాత్రమే. రెండోదీ మూడోదీ కలిపితే మొదటిదానికి దగ్గరగా రావాలి. లారీల కాంటా కదా, 5 కిలోలకో 10 కిలోలకో ఒక అంకె మారుతుంది, కొంచెం తేడా మామూలే, యాభై అరవై కిలోల తేడా వస్తే మాత్రం బయట నేల ఎత్తుపల్లంగా ఉన్నట్టు, మళ్ళీ తూచండి. కాంటా దగ్గర కూర్చున్న మనిషికి ముందే చెప్పండి, ముందు చక్రాల వరకే ఎక్కిస్తాను అని. లారీలవాళ్ళు అడగని పని కాబట్టి ఆయన ఒకసారి ఆశ్చర్యంగా చూస్తాడు, తర్వాత ఆయనే సరిగ్గా నిలబెట్టిస్తాడు.

ఇంటికి వచ్చి ఆ చీటీలను ఆర్‌సీ పక్కన పెట్టుకోండి. ఆర్‌సీలో అన్‌లాడెన్ వెయిట్ ఉంటుంది, అంటే ఖాళీ బండి బరువు. మొత్తం బరువు ఎంత దాటకూడదో మాన్యువల్‌లోనో కంపెనీ ప్లేటు మీదో ఉంటుంది. మీకున్న జాగా ఆ రెండింటి మధ్యే, మనుషులు, సామాను, బంపర్, క్యారియర్, ట్రాలీ హుక్ మీద వేసే బరువు, అన్నీ అందులోనే సర్దుకోవాలి. ఒక లెక్క చెప్తాను చూడండి, మామూలుగా ఉండే బరువులే. ఇనుప బంపర్ 40 కిలోలు, వించ్ వైరుతో కలిపి 35, పైన ఇనుప క్యారియర్ 45, నింపిన జెర్రీకాన్లు రెండు 40, రెండో బ్యాటరీ 25, ఇంకో స్టెప్నీ 25. మొత్తం 210. ఇంకా ఎవరూ బండి ఎక్కకముందే ముగ్గురు పెద్దవాళ్ళు కూర్చున్నంత బరువు పడింది. సాఫ్ట్ టాప్ జిప్సీ ఖాళీగా టన్ను బరువు కూడా ఉండదు, దాని మీద 210 కిలోలంటే ఐదో వంతు పైనే. వించ్ వద్దని నేను అనను. అడవి పనికి, బురద పొలాలకు వెళ్ళేవాళ్ళకు కావాలి. లక్నవరం, రామప్ప, బొగత చూసి వచ్చేవాళ్ళకు మంచి తాడు, ఒక పార, తాడు తగిలించే ఇనుప షాకిల్స్ రెండు, గాలి పంపు చాలు, ఆ వించ్ డబ్బు బ్రేకుల మీద పెట్టండి.

ఇప్పుడు ట్రాలీ. ఇక్కడ వ్యవసాయం ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళు ఎక్కువమంది ఉన్నారు, రెండు చక్రాల ట్రాక్టర్ ట్రాలీకి బస్తాలు వెనకవైపు ఎక్కువ వేస్తే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. జీపు వెనక ట్రాలీకి అదే సూత్రం, కాకపోతే జీపు ట్రాక్టర్ కంటే తేలిక, స్పీడు ఎక్కువ, కాబట్టి తప్పు జరిగితే దెబ్బ పెద్దది. ట్రాలీ ముందు కొస హుక్ మీద వేసే బరువు, ట్రాలీ మొత్తం బరువులో పదో వంతు దరిదాపుల్లో ఉండాలి. 600 కిలోల ట్రాలీ అయితే 60 కిలోలు. అది మరీ తక్కువైతే ట్రాలీ స్పీడు మీద అటూ ఇటూ ఊగడం మొదలుపెడుతుంది, ఊపు పెరిగి పెరిగి జీపు వెనక భాగాన్నే పక్కకు ఈడుస్తుంది. అప్పుడు బ్రేకు మీద గట్టిగా కాలు వేయకండి, స్టీరింగ్ తిప్పి సరిచేయాలని చూడకండి, యాక్సిలరేటర్ వదిలేసి స్టీరింగ్ తిన్నగా పట్టుకోండి, స్పీడు తగ్గాక అదే సర్దుకుంటుంది. తర్వాత పక్కకు ఆపి సామాను ముందుకు జరపండి.

ఆ 60 కిలోలు కొలవడానికి కాంటాకు పోనక్కర్లేదు. ఇంట్లో మనుషులు బరువు చూసుకునే మిషన్ ఉంటుంది కదా, దాని మీద ఒక చెక్క దిమ్మె నిలబెట్టి, ట్రాలీ ముందు కొసను హుక్ ఉండే ఎత్తుకే తెచ్చి దాని మీద ఆనించండి. ట్రాలీ చక్రాలకు రాళ్ళు పెట్టడం మరిచిపోవద్దు. అంకె చూడండి, సామాను ఒక జానెడు ముందుకో వెనక్కో జరిపి మళ్ళీ చూడండి, ఎంత త్వరగా మారుతుందో మీకే తెలుస్తుంది.

ఇంకోటి ఉంది, దీన్ని జాగ్రత్తగా వినండి. హుక్ మీద 60 కిలోలు పడితే వెనక ఇరుసు మీద 60 కిలోలు పెరుగుతాయని అనుకుంటాం. కాదు, అంతకంటే ఎక్కువ పెరుగుతాయి. హుక్ ఉండేది ఇరుసు వెనక కాబట్టి అది తులాదండంలా పనిచేస్తుంది. ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య 240 సెంటీమీటర్లు, వెనక ఇరుసు నుంచి బాల్, అంటే ట్రాలీ కొస కూర్చునే హుక్ గుండు, 80 సెంటీమీటర్లు వెనక ఉందనుకోండి, వెనక ఇరుసు మీద 80 కిలోలు పెరుగుతాయి, ముందు ఇరుసు మీద 20 కిలోలు తగ్గుతాయి. ముందు తగ్గిందంటే స్టీరింగ్ తేలికైంది, ముందు బ్రేకులకు పట్టు తగ్గింది, హెడ్‌లైట్లు ఎదుటివాళ్ళ కళ్ళలోకి లేచాయి. అందుకే హుక్‌ను బండికి ఎంత దగ్గరగా పెట్టగలిగితే అంత మంచిది. స్టెప్నీ వెనక డోరుకు వేలాడుతుంది కాబట్టి బాల్‌ను ఇంకో జానెడు వెనక్కి తెస్తాం అనేవాళ్ళకు నేను చెప్పేది, స్టెప్నీ జాగా మార్చండి, బాల్ జాగా మార్చకండి.

హుక్ బిగించడం గురించి. బంపర్‌కు వెల్డింగ్ చేసిన హుక్‌లు మన దగ్గర చాలా కనిపిస్తాయి. బంపర్ అనేది గుద్దితే వంగడానికి ఉన్నది, లాగడానికి కాదు. హుక్ బ్రాకెట్ చాసిస్ రెండు పట్టాలకూ బోల్టులతో పట్టాలి, ఒక్కో వైపు కనీసం మూడు బోల్టులు, లోపలివైపు మందపాటి ప్లేటు. బోల్టు తల మీద 8.8 అని అంకె ఉందో లేదో చూసి కొనండి, అంకె లేని బోల్టు గేటుకు పెట్టుకోవచ్చు, ట్రాలీకి పెట్టొద్దు. చాసిస్ మీద నేరుగా వెల్డింగ్, అదీ కమాన్ బ్రాకెట్ల దగ్గర, చేయించవద్దు, వేడికి ఇనుము గుణం మారి కొన్నాళ్ళకు వెల్డింగ్ పక్కనే సన్నగా చీలుతుంది, పెయింట్ కింద కనిపించదు. అసలు వీటన్నిటికంటే ముందు చిన్న సుత్తె తీసుకుని చాసిస్ వెనక భాగమంతా తట్టుకుంటూ పోండి. మంచి ఇనుము గణగణ మోగుతుంది, తుప్పు తిన్న చోట డబ్ డబ్‌మంటుంది. పాత జీపుల్లో వెనక అడ్డపట్టీ దగ్గర బురద పేరుకుని లోపలి నుంచి తింటుంది. అక్కడ చప్పుడు తేడాగా ఉంటే హుక్ సంగతి పక్కన పెట్టి ముందు చాసిస్ పని చేయించుకోండి. మంచి వెల్డింగ్ మేస్త్రీ అయితే తనే చెప్తాడు, దీనికి ఇప్పుడు హుక్ వద్దు అని, అలాంటి మేస్త్రీ దొరికితే వదలకండి.

బాల్ 50 మిల్లీమీటర్లది తీసుకోండి, దాని మీద కూర్చునే ట్రాలీ కప్లర్ కూడా అదే సైజుది. సైజులు కలవకపోతే గుంతలో పడ్డప్పుడు ఎగిరి ఊడుతుంది. దానితోపాటు రెండు గొలుసులు, ట్రాలీ ముందు కొస కింద ఒకదాన్నొకటి దాటేలా అడ్డంగా కట్టాలి, బాల్ ఊడినా కొస రోడ్డుకు గుచ్చుకోకుండా ఆ గొలుసుల మీద ఆగుతుంది. ట్రాలీకి సొంత బ్రేకు లేకపోతే దాని నిండు బరువు మీ జీపు ఖాళీ బరువులో సగం దాటకూడదని నేను పెట్టుకున్న లెక్క, అదీ 750 కిలోలకు మించకుండా. దానికంటే ఎక్కువ మోయాలంటే ట్రాలీకే బ్రేకు పెట్టించండి, జీపు బ్రేకు వేసినప్పుడు ట్రాలీ ముందుకు నెట్టుకొచ్చే బలంతోనే పనిచేసే బ్రేకులు ఉన్నాయి.

బ్రేకుల దగ్గరికి వద్దాం, నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టేది ఇదే. స్పీడు 60 నుంచి 80కి పెరిగితే ఆపాల్సిన శక్తి మూడో వంతే పెరగదు, దాదాపు 1.8 రెట్లు అవుతుంది. ట్రాలీ బరువు దాని మీద. పాత జీపుల్లో చాలావాటికి నాలుగు వైపులా డ్రమ్ములే, అవి వేడెక్కితే పెడల్ ఉంటుంది కానీ పట్టు ఉండదు. కాబట్టి ట్రాలీ ఆలోచన ఉన్నవాళ్ళు డ్రమ్ములు విప్పించి లైనర్లు, వీల్ సిలిండర్లు చూపించుకోండి, రబ్బరు హోసులు పగుళ్ళు ఉంటే మొహమాటం లేకుండా మార్చండి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, ఇది చాలామంది పట్టించుకోరు. డాట్ 3 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక 140 దగ్గరే మరుగుతుంది. డాట్ 4 అయితే 230, తేమ పట్టాక 155. ఘాట్ దిగేటప్పుడు ఆయిల్ మరిగిందంటే లైన్లో ఆవిరి, పెడల్ నేరుగా కిందికి పోతుంది. రెండేళ్ళకోసారి మొత్తం మార్చండి.

డీజిల్ జీపుల్లో, కాలి ఒత్తిడికి బలం కలిపే బ్రేక్ బూస్టర్‌కు వ్యాక్యూమ్ ఇచ్చే పంపు డైనమో వెనకే ఉంటుంది చాలావాటికి. బూస్టర్ పనిచేస్తుందో లేదో ఇంట్లోనే చూడొచ్చు. ఇంజన్ ఆపి పెడల్‌ను నాలుగైదుసార్లు తొక్కండి, గట్టిపడుతుంది. కాలు అలాగే ఒత్తి ఉంచి ఇంజన్ స్టార్ట్ చేయండి. పెడల్ కొద్దిగా కిందికి దిగితే బూస్టర్ బాగున్నట్టు. కదలకపోతే పంపో, పైపో, బూస్టరో పోయింది, అది తేలేదాకా ట్రాలీ కట్టొద్దు. ఇక నిర్మల్ దగ్గర మహబూబ్ ఘాట్ అయినా, కెరమెరి అయినా, ఎక్కిన గేర్లోనే దిగడం. లారీ డ్రైవర్లను అడగండి, వాళ్ళు చెప్పే మొదటి మాట అదే.

కూలింగ్. మే నెలలో రామగుండం వైపు 45 డిగ్రీలు మామూలు సంగతి, ఆ ఎండలో ట్రాలీతో చడావు ఎక్కుతుంటే రేడియేటర్‌లో ఏ లోపం ఉన్నా బయటపడుతుంది. ఇక్కడ కొత్తవి కొనేముందు పాతవి సరిగా ఉన్నాయో చూడండి. ముఖ్యంగా ఫ్యాన్ చుట్టూ ఉండే ష్రౌడ్, ఆ గుండ్రటి కవరు. పాత జీపుల్లో ఎప్పుడో ఏదో రిపేరుకు విప్పి, బిగించడానికి బద్ధకమేసి పక్కన పడేసి ఉంటారు. అది లేకపోతే ఫ్యాన్ రేడియేటర్ గుండా గాలి లాగదు, పక్కల నుంచి లాగి అక్కడక్కడే తిప్పుతుంది, స్పీడులో ఏం తెలియదు, మెల్లగా చడావు ఎక్కేటప్పుడు టెంపరేచర్ ముల్లు లేస్తుంది. రేకుతో ఇంట్లోనే చేసుకోవచ్చు, ఫ్యాన్ రెక్కలకూ కవరుకూ మధ్య వేలెడు సందు ఉండాలి, ఎందుకంటే ఇంజన్ మౌంటింగుల మీద కదులుతుంది. రేడియేటర్‌కు రాడింగ్, అంటే లోపలి గొట్టాలు రాడ్డుతో శుభ్రం చేయడం, చేయించండి, క్యాప్ రబ్బరు చూడండి. 0.9 బార్ క్యాప్ సరిగా పట్టి ఉంటే మామూలు నీళ్ళు కూడా 118 డిగ్రీల దాకా మరగవు, రబ్బరు పోతే నూటికే మరుగుతాయి. అంటే చిన్న క్యాప్ దగ్గర 18 డిగ్రీలు పోగొట్టుకుంటున్నాం. మీ బండికి ఎంత క్యాప్ రాసి ఉందో అంతే వేయండి, ఎక్కువ ప్రెషర్ క్యాప్ వేస్తే పాత రేడియేటర్ అతుకుల దగ్గర కారుతుంది. డ్యాష్‌బోర్డు మీటరు నమ్మకంగా లేకపోతే మంచి టెంపరేచర్ గేజ్ ఒకటి పెట్టుకోండి, తగిలించే వస్తువుల్లో నేను అందరికీ చెప్పేది అదొక్కటే. చడావు మీద ముల్లు లేస్తుంటే పై గేర్లో ముక్కుతూ లాగించకుండా ఒక గేరు తగ్గించండి, ఇంజన్ తిరిగితే ఫ్యానూ, నీళ్ళ పంపూ తిరుగుతాయి.

లైట్ల విషయం కొంచెం వివరంగా చెప్తాను, ఎవరైనా ఇంట్లో చేసుకోగల పని, ఖర్చు తక్కువ, లాభం ఎక్కువ. పాత బండ్లలో హెడ్‌లైట్ కరెంటు మొత్తం డ్యాష్‌బోర్డు స్విచ్ గుండా, డిప్పర్ గుండా తిరిగి ముందుకు వస్తుంది. 60 వాట్ల బల్బులు రెండంటే 10 ఆంపియర్లు, ఆ సన్నటి పాత వైర్ల గుండా, నల్లబడ్డ కాంటాక్టుల గుండా. మల్టీమీటర్ తీసుకుని ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర చూడండి, 14 దగ్గర చూపిస్తుంది. లైట్లు వేసి బల్బు వెనక పిన్నుల దగ్గర చూడండి. 12 కూడా రాకపోతే ఆశ్చర్యపోవద్దు. హాలోజన్ బల్బుకు వోల్టేజీ పది శాతం తగ్గితే వెలుగు ముప్పై శాతం దాకా పోతుంది. అందుకే పాత జీపు లైట్లు ఎర్రగా కనిపిస్తాయి, జనం బల్బులు మార్చి, ఎల్‌ఈడీ బార్ పెట్టి పరేషాన్ అవుతారు. రిలే అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్, నాలుగు పిన్నులవి రెండు కొనండి, ఒకటి లో బీమ్‌కు, ఒకటి హై బీమ్‌కు. రిలే మీద అంకెలు రాసి ఉంటాయి. 30 పిన్నుకు బ్యాటరీ నుంచి మందపాటి వైరు, 2.5 స్క్వేర్ ఎంఎం తీసుకోండి. 87 నుంచి బల్బుకు. 85 బాడీకి ఎర్త్. 86కు పాత హెడ్‌లైట్ వైరు. ఇప్పుడు పాత స్విచ్ రిలేను మాత్రమే కదిలిస్తుంది, అసలు కరెంటు బ్యాటరీ నుంచి నేరుగా వస్తుంది. బ్యాటరీ నుంచి జానెడు దూరంలోపే 15 ఆంపియర్ల ఫ్యూజ్ పెట్టాలి, ఇది తప్పనిసరి. ఫ్యూజ్ లేని వైరు బోనెట్ అంచుకు రాసుకుని తెగితే బండి కాలిపోతుంది. ఎర్త్ బిగించే చోట పెయింట్ గీకి మెరిసే ఇనుము కనిపించాలి. అయిపోయాక మళ్ళీ మీటర్ పెట్టి చూడండి, ఆ అంకె చూసినప్పుడు కలిగే సంతోషం వేరు.

ట్రాలీ లైట్లకు ఏడు పిన్నుల సాకెట్ పెట్టుకోండి, ట్రాలీలో ఎల్‌ఈడీ లైట్లు వేస్తే పాత ఫ్లాషర్ మీద భారం పడదు. బ్రేకు లైటు, ఇండికేటర్, వెనక ఎర్ర రేడియం, ఇవి లేకుండా రాత్రి రోడ్డు ఎక్కొద్దు. లైట్లు లేని ట్రాలీ వెనక నుంచి వచ్చే బైకు పిల్లల ప్రాణాలు తీస్తుంది, మన జిల్లాల్లో అందరం చూస్తున్నదే.

రెండో బ్యాటరీ గురించి తొందరగా చెప్పేస్తాను. 5 వాట్ల లైటు పది గంటలు వెలిగితే 50 వాట్ అవర్లు. మీ బండిలో ఉన్న 60 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో 720 ఉంటాయి. రెండు రాత్రుల క్యాంపుకు రెండో బ్యాటరీ అక్కర్లేదు. ఫ్రిజ్ పెట్టేవాళ్ళు మాత్రమే ఆలోచించండి.

టైర్లు. జిప్సీకి కంపెనీ 205/70 ఆర్15 ఇచ్చింది. దాని బదులు 235/75 ఆర్15 వేస్తే చక్రం ఎత్తు 668 మిల్లీమీటర్ల నుంచి 733 దాటుతుంది, దాదాపు పది శాతం. అంటే ప్రతి గేరూ పది శాతం బరువెక్కినట్టే, క్లచ్ మీద భారం, స్పీడోమీటర్ 60 చూపిస్తుంటే మీరు 66లో ఉన్నారు, బ్రేకులు కూడా అంత మేర తగ్గినట్టే. ట్రాలీ లాగేవాళ్ళకు ఇది పూర్తిగా ఎదురు దిక్కు. కంపెనీ సైజులోనే మంచి ఆల్ టెరైన్ టైరు తీసుకోండి. కమాన్ పట్టీలు కుంగి ఉంటే కొత్త సెట్టు వేయించండి, లేదా వెనక ఒక పట్టీ కలపండి. కమాన్ పట్టీల చివర పొడుగు షాకిల్స్ వేసి ఎత్తు పెంచే పని మాత్రం నాకు ఇష్టం లేదు, ఇరుసు కోణం మారి స్టీరింగ్ నిలకడ పోతుంది, ఇరుసుకు శక్తి అందించే ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం మారి దాని క్రాస్ జాయింట్లు అరుగుతాయి.

వానాకాలం వాగుల గురించి ఒక చిన్న పని. ఇరుసు హౌసింగ్ పైన గాలి ఆడే చిన్న బ్రీదర్ ఉంటుంది. వేడి హౌసింగ్ చల్లటి నీళ్ళలో మునిగితే లోపలి గాలి ముడుచుకుని, బ్రీదర్ మూసుకుపోయి ఉంటే ఆయిల్ సీళ్ళ గుండా నీళ్ళు లాగుతుంది. డీజిల్ పైపు ముక్క తగిలించి ఆ బ్రీదర్‌ను ఇంజన్ రూములో పైకి తీసుకెళ్ళండి. వాగు దాటాక హౌసింగ్ ఆయిల్ పాలలా తెల్లగా ఉంటే నీళ్ళు పోయినట్టు, ఆ వారమే మార్చండి. అయితే ఇది మోకాలి లోతు నిదానంగా పారే నీళ్ళకు. పొంగే వాగు దగ్గర ఏ జీపూ పనికిరాదు. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 650 మిల్లీమీటర్ల వాన పడింది, ఆ వానలకే మోరంచపల్లి మునిగింది. ఆ రోజులు చూసినవాళ్ళం, కాజ్‌వే మీద నీళ్ళు పారుతుంటే బండి వెనక్కి తిప్పుదాం.

చట్టం సంగతి కూడా చెప్పాలి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చిన దానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. 182ఏ సెక్షన్ కింద ఒక్కో మార్పుకు 5 వేల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా ఉండొచ్చు. ముందు పెట్టే ఇనుప బుల్ బార్ల మీద చర్య తీసుకోమని 2017 డిసెంబర్‌లోనే కేంద్రం రాష్ట్రాలకు రాసింది. ఇంజన్ మార్చాలంటే ముందు ఆర్టీఓ అనుమతి. ట్రాలీ కూడా చట్టం లెక్కలో వాహనమే, రిజిస్ట్రేషన్ కావాలి. 15 ఏళ్ళు దాటిన బండికి రిజిస్ట్రేషన్ రెన్యువల్ అప్పుడు బండిని చూస్తారు, ఇన్సూరెన్స్‌వాళ్ళు యాక్సిడెంట్ అయ్యాక ఇంకా జాగ్రత్తగా చూస్తారు. నేను ఇప్పటిదాకా చెప్పినవాటిలో బ్రేకులు, రేడియేటర్, రిలేలు, బ్రీదర్లు బండిని మార్చేవి కావు, బండిని సరిగా ఉంచేవి, వాటికి ఎవరూ అడ్డు చెప్పరు. హుక్, ట్రాలీ విషయంలో చేయించేముందే ఆర్టీఓ ఆఫీసులో అడగండి. ఇంకోటి, ఏటూరునాగారం, కవ్వాల్ రక్షిత అడవులు, ఫోర్ వీల్ ఉంది కదా అని అనుమతి లేని దారిలోకి దించొద్దు.

ఇక అడగండి.

(ప్రశ్న: అన్నా, బండి ఆగిపోతే టోచన్ కట్టి లాగుతాం కదా, దానికీ ఇదే హుక్ వాడొచ్చా?)

వాడొద్దు తమ్ముడూ. బాల్ మీద తాడు వేసి ఝటకా ఇస్తే బాల్ మెడ విరిగి తుపాకీ గుండులా ఎగురుతుంది, మనుషులు పోయిన సంఘటనలు ప్రపంచంలో చాలా ఉన్నాయి. చాసిస్‌కు బిగించిన టో ఐ, అంటే లాగడానికి ఉన్న ఇనుప కడియం, దానికి షాకిల్, అక్కడ కట్టు. రోడ్డు మీద టోచన్ కట్టి లాగితే గంటకు 25 కిలోమీటర్లు దాటకూడదు, రెండు బండ్ల మధ్య 5 మీటర్లకంటే ఎక్కువ దూరం ఉండకూడదు, వెనక బండికి బోర్డు పెట్టాలి. తాడు మధ్యలో ఒక గోనె సంచి వేయండి, తెగినా నేలకు పడుతుంది.

(ప్రశ్న: రూఫ్ మీద టెంటు పెట్టుకోవచ్చా?)

యాభై అరవై కిలోలు నెత్తిన పెడితే పొట్టి జీపు మలుపుల్లో వాలిపోతుంది. ట్రాలీ ఉన్నవాళ్ళు ఆ టెంటు ట్రాలీ మీద పెట్టుకోండి, ఇరుసుకు సరిగ్గా పైన. లేనివాళ్ళకు నేల మీద వేసే టెంటే మేలు.

(ప్రశ్న: ట్రాలీతో రివర్స్ మాత్రం రావడం లేదన్నా. ట్రాక్టర్ నడిపిన అలవాటుంది, అయినా మడతపడుతుంది.)

ట్రాక్టర్ ట్రాలీ పొడుగు, నిదానంగా తిరుగుతుంది. మీ చిన్న ట్రాలీలో బాల్ నుంచి చక్రం దాకా దూరం తక్కువ, అందుకే చటుక్కున మడతపడుతుంది, నీ తప్పేం లేదు. చెయ్యి స్టీరింగ్ కింది భాగంలో పట్టుకో, చెయ్యి ఎటు జరిపితే ట్రాలీ వెనక భాగం అటే పోతుంది. కొంచెమే తిప్పు, వెంటనే సరిచెయ్. మడత మొదలైందంటే ఇంకా తిప్పుతూ కూర్చోకు, ఆపి ముందుకు లాగి తిన్నగా చేసుకుని మళ్ళీ మొదలుపెట్టు. కోతలయ్యాక మీ ఊళ్ళో కల్లం ఖాళీగానే ఉంటుంది కదా, రెండు సాయంత్రాలు నాలుగు ఇటుకలు పెట్టుకుని ప్రాక్టీసు చెయ్, పక్కన ఒకరిని నిలబెట్టుకో, పిల్లలను మాత్రం దగ్గరికి రానివ్వకు.